మొక్కు మరిడమ్మకు, ఓటు మీ మనసుకు: ఈ విశేషాలు మీకు తెలుసా?

పెద్దాపురంలో ఆషాఢం వస్తే మరిడమ్మ తల్లి జాతర. ఐదేళ్లు తిరిగితే ఓట్ల జాతర. మొదటిదాంట్లో అమ్మవారికి దండాలు, రెండోదాంట్లో ఓటరుకి దండాలు! ఈ రెండు జాతరలూ కలిసిపోకుండా మధ్యలో చట్టం ఒక గీత గీసింది. ఆ గీత చుట్టూ జరిగిన వింతలు అన్నీ ఇన్నీ కావు. కాస్కోండి మరి!

మీకు తెలుసా? పెద్దాపురం అసెంబ్లీ నియోజకవర్గంలో ఉన్నవి పెద్దాపురం, సామర్లకోట మండలాలు. ఇంత చిన్న చోటులోనే మరిడమ్మ తల్లి ఉంది, పాండవుల మెట్ట మీద సూర్యనారాయణమూర్తి ఉన్నాడు, పంచారామాల్లో ఒకటైన సామర్లకోట భీమేశ్వరుడూ ఉన్నాడు. కానీ ఓటర్ల జాబితా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పినా ఏ పేరు పక్కనా మతం కనపడదు! ఓటు నమోదుకి ఇచ్చే ఫారం 6లో అసలు ఆ గడే లేదు. రాజ్యాంగం 325వ అధికరణం చెప్పిందీ అదే: ఒక నియోజకవర్గానికి అందరికీ కలిపి ఒకటే జాబితా. మతం పేరుతో ఎవరినీ తీసెయ్యకూడదు, ఎవరికీ వేరే జాబితా పెట్టకూడదు.

ఇందులో వింతేముంది అంటారా? మీ తాతగారి కాలానికి వెళ్దాం పదండి.

1937లో మద్రాసు శాసనసభకి ఎన్నికలు జరిగాయి. మొత్తం 215 సీట్లు. అందులో ముస్లింలకి 28, భారతీయ క్రైస్తవులకి 8 విడిగా పెట్టారు. ముస్లిం అభ్యర్థికి ముస్లింలే ఓటెయ్యాలి, క్రైస్తవ అభ్యర్థికి క్రైస్తవులే! అంటే ఒకే వీధిలో గోడకి గోడ ఆనుకుని ఉన్న రెండిళ్లవాళ్లు ఒకే ఎన్నికలో ఓటు వేసినా, వేర్వేరు మనుషులకి వెయ్యాల్సిందే. పక్కింటాయన నాయకుడు మీకు నాయకుడు కాడు. ఎంత చిత్రం!

ఈ పద్ధతి ఎప్పుడు మొదలైందో తెలుసా? 1909లో, మింటో-మార్లే సంస్కరణలతో. మన రాజ్యాంగ సభ మతాలవారీ సీట్లు వద్దని 1949లో తేల్చేసింది. నలభై ఏళ్ల గోడ కూలింది!

మీకు తెలుసా? ఓట్లలో మతాల వాటా ఎంత అన్న గొడవ ఒకప్పుడు మన కాకినాడ దాకా వచ్చింది! 1923 డిసెంబరులో అక్కడ అఖిల భారత కాంగ్రెస్ మహాసభ జరిగింది. అధ్యక్షుడు మౌలానా మహమ్మద్ అలీ. అంతకు ముందే బెంగాల్‌లో చిత్తరంజన్ దాస్ ఒక ఒప్పందం కుదిర్చారు: అక్కడి శాసనమండలిలో జనాభా లెక్కన, ప్రత్యేక నియోజకవర్గాల ద్వారా ముస్లింలకి ప్రాతినిధ్యం ఇవ్వాలని. కాకినాడ సభ దాన్ని ఒప్పుకోలేదు. దేశమంతా చెప్పుకున్న ఆ నిర్ణయం జరిగింది పెద్దాపురానికి కూతవేటు దూరంలో!

అదే సభలో విష్ణు దిగంబర్ పలుస్కర్ వందేమాతరం అందుకుంటే అధ్యక్షుడు అభ్యంతరం చెప్పారని, పలుస్కర్ మాత్రం ఆపకుండా పాడి ముగించారని చెబుతారు. గమనించారా? నూరేళ్లు దాటినా ఆ చర్చ ఇంకా పాతబడలేదు.

ఇక అసలు గీత దగ్గరికి వద్దాం. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 123వ సెక్షన్ ఉంది. మతం పేరు చెప్పి ఓటు అడిగితే అది అవినీతి చర్య. నోట్ల కట్టలు పంచడం ఏ జాబితాలో ఉందో, ఇదీ అదే జాబితాలో! రుజువైతే గెలిచిన సీటు గల్లంతు. ఆపైన ఆరేళ్ల వరకు అనర్హత వేటు.

మీకు తెలుసా? ఆ చట్టం దేవుడి కోపాన్ని కూడా వదల్లేదు! 'ఫలానావాడికి ఓటెయ్యకపోతే దేవుడి ఆగ్రహానికి గురవుతావు' అని ఓటరుని నమ్మించాలని చూసినా అది అనుచిత ప్రభావమే. మన ఊళ్ల సంగతి అందరికీ తెలిసిందే కదా. పోలింగ్‌కి ముందు రాత్రి, చేతిలో నోటు, నోటు మీద తమలపాకు, ఆకులో పసుపు కుంకుమ, 'అమ్మవారి మీద ఒట్టెయ్యి' అనే గుసగుస. అందులో ఒకటి కాదు, రెండు నేరాలు: డబ్బు ఒకటి, ఒట్టు రెండోది. అమ్మా, అక్కా, అలా పెట్టించిన ఒట్టుకి చట్టం దగ్గర విలువ లేదు. భయపడకండి, బూత్‌లో మీట నొక్కేది మీ వేలు!

ఇది ఉత్త బెదిరింపు చట్టం అనుకునేరు. 1957లో పంజాబ్‌లోని సిర్సాలో నామధారీ సిక్కుల గురువు ఒక అభ్యర్థికి ఓటెయ్యమని తన శిష్యులకి ఆజ్ఞ ఇచ్చారు. ఆ అభ్యర్థి గెలిచాడు. కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. గురువుగారి మాట కాదంటే పాపమన్న భయం ఓటరు మీద పనిచేసిందని ఎన్నికే కొట్టేశారు!

పందెం కోళ్ల గడ్డ మీద పుట్టినవాళ్లు ఈ తర్వాతి ముక్క శ్రద్ధగా చదవాలి. కోడి వల్ల ఎమ్మెల్యే పదవి పోయిందని మీకు తెలుసా? అవును, కోడే! 1957లో బిహార్‌లోని మనోహర్‌పూర్‌లో జార్ఖండ్ పార్టీ గుర్తు కోడి. ఎన్నికల సంఘం సక్రమంగా ఇచ్చిన గుర్తే. అయితే ప్రచారానికి ఒక కరపత్రం వేశారు. అందులో ఆ కోడే ఆదివాసీలతో మాట్లాడుతుంది, ఓట్ల రూపంలో తనకి మేత వెయ్యమంటుంది. అక్కడి ఆదివాసీల పూజల్లో కోడిని బలి ఇవ్వడం ఆచారం. ఆ నమ్మకాన్ని తట్టి ఓటు అడిగారంటూ సుప్రీంకోర్టు ఎన్నికని రద్దు చేసింది. గుర్తుగా ఉన్నంతసేపు కోడి నిర్దోషి, నోరు విప్పగానే దోషి! సంక్రాంతి బరిలో కూడా ఇంత ఖరీదైన ఓటమి ఏ కోడికీ ఎదురై ఉండదు.

మరి నక్షత్రం? స్వతంత్ర పార్టీ గుర్తు నక్షత్రం. దాన్ని ధ్రువుడితో ముడిపెట్టి ప్రచారం చేశారని గుజరాత్ నుంచి కేసు వెళ్తే, నక్షత్రం మత చిహ్నం కాదని సుప్రీంకోర్టు తేల్చింది. ఇందిరా కాంగ్రెస్‌కి 1971లో ఆవు-దూడ గుర్తు వచ్చినప్పుడూ ఇదే గొడవ. అదీ మత చిహ్నం కాదన్నాయి హైకోర్టులు. ఆవు పాస్, చుక్క పాస్, కోడి ఫెయిల్!

మీకు తెలుసా? అభ్యర్థి తన మతం పేరు చెప్పకూడదు సరే, ఓటరు మతం పేరు చెప్పవచ్చా? ఈ ప్రశ్న తేలడానికి ఎన్నేళ్లు పట్టిందనుకున్నారు? 1990లో బొంబాయి శాంతాక్రజ్‌లో జరిగిన ఎన్నికకి సుప్రీంకోర్టు తీర్పు 2017 జనవరి 2న వచ్చింది. ఏడుగురు జడ్జీలు కూర్చుంటే నలుగురు ఒకవైపు, ముగ్గురు ఇంకోవైపు. అభ్యర్థి మతమైనా, ఓటరు మతమైనా, ఎవరి మతమైనా వాడుకోవడానికి వీల్లేదని నలుగురి మాట నెగ్గింది. ఒక్క జడ్జి అటు తిరిగి ఉంటే గీత ఇంకోచోట పడేది. తలచుకుంటే ఒళ్లు ఝల్లుమంటుంది!

ఇంకోటి. శివసేన అధినేత బాల్ ఠాక్రే ఆరేళ్లు ఓటే వెయ్యలేకపోయారు. 1987 నాటి విలే పార్లే ఉప ఎన్నికలో మతం పేరిట చేసిన ప్రసంగాలకి దక్కిన ఫలం అది. లక్షల మంది చేత ఓట్లు వేయించిన మనిషి వేలికి సిరాచుక్క లేదు!

రాజ్యాంగ ప్రవేశికలో 'లౌకిక' అన్న మాట మొదటి నుంచీ లేదని మీకు తెలుసా? 1976లో 42వ సవరణతో చేర్చారు. దాన్ని తీసెయ్యాలంటూ వెళ్లిన పిటిషన్లను 2024 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇక పార్టీల సంగతి చూడండి: 1989 నుంచి దేశంలో ఏ పార్టీ రిజిస్టర్ కావాలన్నా లౌకికవాదానికి కట్టుబడి ఉంటామని తన నియమావళిలో రాసివ్వాల్సిందే. మతం మా ఊపిరి అనే పార్టీ కూడా రాసిచ్చింది, మతం మత్తు మందు అనే పార్టీ కూడా రాసిచ్చింది!

సరే, మన పంచాంగం తెరుద్దాం. చట్టానికి రాహుకాలం పట్టదని మీకు తెలుసా? నామినేషన్ పొద్దున 11 నుంచి మధ్యాహ్నం 3 లోపు వెయ్యాలి. నాలుగే నాలుగు గంటలు. బుధవారం 12 నుంచి ఒంటిగంటన్నర దాకా రాహుకాలం. గురువారం ఒకటిన్నర నుంచి 3 దాకా. శుక్రవారం పదిన్నర నుంచి 12 దాకా. మంగళవారమైతే సరిగ్గా 3 గంటలకి మొదలవుతుంది, అంటే ఆఫీసు గడువు, మంచి ఘడియ ఒకేసారి అయిపోతాయి! 2024లో మన రాష్ట్రంలో నామినేషన్లు మొదలైంది ఏప్రిల్ 18, శ్రీరామనవమి మర్నాడు. పైగా గురువారం. దుర్ముహూర్తాలూ వర్జ్యాలూ కూడా లెక్కేసుకోవాల్సిందే సిద్ధాంతిగారు. రిటర్నింగ్ అధికారి గోడ గడియారానికి మాత్రం అన్ని నిమిషాలూ సమానమే!

నామినేషన్‌తో పాటు అభ్యర్థి ప్రమాణం కూడా చెయ్యాలి. ఎలా? 'దైవసాక్షిగా' అనొచ్చు, దేవుడి పేరెత్తకుండా నిష్ఠతో ధ్రువీకరిస్తున్నాను అని కూడా అనొచ్చు. నాస్తికుడికీ ఆస్తికుడికీ ఒకే కాగితం, ఒకే కుర్చీ.

ఈ సౌకర్యం ఊరికే రాలేదండోయ్! ఇంగ్లండులో చార్లెస్ బ్రాడ్లా అనే నాస్తికుడు 1880లో నార్తాంప్టన్ నుంచి పార్లమెంటుకి గెలిచాడు. దేవుడి పేరిట ప్రమాణం చెయ్యనన్నాడని సభలో కూర్చోనివ్వలేదు. సీటు ఖాళీ అన్నారు, జనం మళ్లీ గెలిపించారు. మళ్లీ ఖాళీ అన్నారు, మళ్లీ గెలిపించారు! కుర్చీ దక్కేసరికి 1886. ఆ బ్రాడ్లాయే 1889లో బొంబాయి కాంగ్రెస్ సభకి అతిథిగా వచ్చారు.

మన నాస్తికుడు ఎవరంటారా? గోరా! కాకినాడ పి.ఆర్. కాలేజీలో పాఠాలు చెబుతూ, దేవుడు లేడన్నందుకు 1933లో ఉద్యోగం పోగొట్టుకున్న గోపరాజు రామచంద్రరావుగారే. ఆ తర్వాత పార్టీలే లేని ప్రజాస్వామ్యం కావాలంటూ ఎన్నికల బరిలోకీ దిగారు. దేవుడూ వద్దు, పార్టీ వద్దు, ఓటరు చాలు అన్న మనిషి మన గోదావరి గాలి పీల్చినవాడే!

మీకు తెలుసా? పదవీ ప్రమాణమే కాదు, పందెం ప్రమాణం కూడా మన దగ్గరే చూడాలి. 2020 డిసెంబరులో అనపర్తి ఎమ్మెల్యే, అక్కడి మాజీ ఎమ్మెల్యే ఒకరి మీద ఒకరు అవినీతి ఆరోపణలు చేసుకుని 'దమ్ముంటే దేవుడి ముందు చెప్పు' అనుకున్నారు. ఇద్దరూ బిక్కవోలు వినాయకుడి గుడికి వచ్చారు. చుట్టూ పోలీసు బందోబస్తు. ఇద్దరూ ప్రమాణాలు చేశారు! కాణిపాకంలో సత్యప్రమాణాలకి పేరుందని అందరికీ తెలుసు, ఆ రోజుతో బిక్కవోలు పేరు కూడా రాష్ట్రమంతా మోగింది. చట్టం మాత్రం ఇలాంటి ప్రమాణాన్ని సాక్ష్యంగా తీసుకోదు.

తెర మీద దేవుళ్ల లెక్క తెలుసా? 1991లో ఒకే ఎన్నికలో, ఒకే పార్టీ టికెట్ మీద 'రామాయణ్' సీత దీపికా చిఖలియా, రావణుడు అరవింద్ త్రివేది ఇద్దరూ లోక్‌సభకి గెలిచారు. రాముడు అరుణ్ గోవిల్ గెలవడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది. పార్లమెంటు మెట్లు రాముడికంటే 33 ఏళ్లు ముందు రావణుడు ఎక్కేశాడు!

మన ఎన్టీఆర్ సంగతి చెప్పక్కర్లేదు. తెర మీది కృష్ణుడు 1982 మార్చి 29న పార్టీ పెట్టి 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. తొమ్మిది నెలలే! ఆ ఎన్నికలో ఆయన గెలిచిన రెండు సీట్లు గుడివాడ, తిరుపతి.

ఇక్కడ ఒక తమాషా ఉంది, గోదావరి వాళ్లకే ప్రత్యేకం. 2009లో చిరంజీవి తిరుపతిలో గెలిచారు, పాలకొల్లులో ఓడారు. 2019లో పవన్ కల్యాణ్ భీమవరంలో ఓడారు. పాలకొల్లు క్షీరారామం, భీమవరం సోమారామం. అన్నదమ్ములిద్దరికీ పంచారామాలే అడ్డం! 2024లో పవన్ శక్తిపీఠమున్న పిఠాపురం వచ్చి 70,279 ఓట్ల మెజారిటీతో గెలిచారు. ఓడించిందీ గెలిపించిందీ ఓటరే సుమా. క్షేత్రాల లెక్క మన సరదాకి!

ప్రచార బండికి అమ్మవారి పేరు ఉండటం ఎక్కడైనా చూశారా? పవన్ బండి పేరు వారాహి. 2023 జూన్‌లో ఆయన వారాహి యాత్ర మొదలైంది అన్నవరం సత్యదేవుడికి దండం పెట్టుకునే. తొలి సభ కత్తిపూడిలో.

2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం రాత్రికి రాత్రి కాలిపోయింది. రోజుల తరబడి పార్టీల ఆందోళనలు. ప్రభుత్వం సీబీఐ దర్యాప్తు కోరింది. 2021 ఫిబ్రవరికల్లా కొత్త రథం సిద్ధం! వడ్రంగులకి వందనం.

మీకు తెలుసా? కనీసం దేవుళ్లనైనా రాజకీయాలకి దూరంగా ఉంచండి అని సుప్రీంకోర్టు అన్నది మన లడ్డూ గురించే! 2024 సెప్టెంబరు 30న, తిరుమల నెయ్యి వివాదం మీద. తర్వాత నాలుగు రోజులకే ఐదుగురితో దర్యాప్తు బృందాన్ని వేసింది: సీబీఐ నుంచి ఇద్దరు, రాష్ట్ర పోలీసుల నుంచి ఇద్దరు, ఆహార భద్రతా సంస్థ నుంచి ఒకరు. దేవుళ్ల గురించి కోర్టు అన్న మాట ఏ ఒక్క పార్టీకో తగిలేది కాదు, అందరికీ తగిలేది. నా మట్టుకు నాకు, ప్రతి పార్టీ ఆఫీసు గోడ మీద రాసిపెట్టుకోదగ్గ మాట.

బీజేపీకి 1984లో దేశమంతా కలిపి వచ్చినవి రెండే సీట్లు. ఒకటి గుజరాత్‌లో మెహసానా. రెండోది? మన తెలుగు హనుమకొండ! చందుపట్ల జంగారెడ్డి చేతిలో అక్కడ ఓడింది ఎవరో తెలుసా? తర్వాత ప్రధాని అయిన పి.వి. నరసింహారావు!

అదే పి.వి. ప్రభుత్వం 1993లో మతాన్ని రాజకీయాల నుంచి వేరుచెయ్యడానికి 80వ రాజ్యాంగ సవరణ బిల్లు పెట్టింది. మూడింట రెండొంతుల మద్దతు దొరకలేదు. బిల్లు అటకెక్కింది.

రాముడి ఊరు భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలోదే. అక్కడ ఎవరు గెలిచేవారో ఊహించండి. సీపీఎం! కుంజా బొజ్జి మూడుసార్లు, సున్నం రాజయ్య మూడుసార్లు. సీతారాముల కల్యాణానికి తలంబ్రాలు, ఎన్నికలకి ఎర్రజెండా. అయోధ్య ఉన్న ఫైజాబాద్‌లో మందిరం తెరిచిన 2024లోనే బీజేపీ ఓడింది, 54,567 ఓట్ల తేడాతో. భక్తుడు ఒకచోట, ఓటరు ఇంకోచోట, మనిషి మాత్రం ఒకడే!

కొకా సుబ్బారావు పేరు విన్నారా? రాజమండ్రి బిడ్డ, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి. 1967లో ఆ పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. ఎదుట జాకిర్ హుస్సేన్. సుబ్బారావుగారు ఓడారు, దేశానికి తొలి ముస్లిం రాష్ట్రపతి వచ్చారు.

ఒకే మనిషి, ఒకే సీటు, రెండు తీర్పులు! కోలార్ బంగారు గనుల ఎస్సీ రిజర్వుడు సీటులో ఎస్. రాజగోపాల్ 1967లో గెలిస్తే, క్రైస్తవంలోకి మారారు కాబట్టి ఎస్సీ కారని కోర్టు కొట్టేసింది. 1972లో మళ్లీ గెలిచారు, మళ్లీ కేసు. ఈసారి హిందూమతంలోకి తిరిగి వచ్చారు, కులంవాళ్లూ కలుపుకున్నారు కాబట్టి చెల్లుతుందన్నారు. సినిమాకి ఇంతకంటే మలుపేం కావాలి?

మీకు తెలుసా? మతం ఆధారంగా ఉన్న అసెంబ్లీ సీటు దేశంలో ఇప్పటికీ ఒకటుంది! సిక్కింలోని 32 సీట్లలో ఒకటి 'సంఘ'. ఓటర్లు బౌద్ధ సన్యాసులు, సన్యాసినులు మాత్రమే. దానికి సరిహద్దులు లేవు, మ్యాప్‌లో వెతికినా దొరకదు. 1993లో సుప్రీంకోర్టు కూడా సరేనంది. థాయిలాండ్‌లోనూ మయన్మార్‌లోనూ అయితే బౌద్ధ సన్యాసికి అసలు ఓటే లేదు. ఇంగ్లండులో 26 మంది బిషప్పులు ఏ ఎన్నికా లేకుండానే ఎగువ సభలో కూర్చుంటారు. లోకో భిన్నరుచిః!

గుజరాత్ గిర్ అడవిలో బాణేజ్ అనే చోట ఒక గుడి, ఒక పూజారి. ఆ ఒక్క ఓటు కోసం సింహాలు తిరిగే అడవిలోకి పోలింగ్ సిబ్బంది యంత్రం మోసుకుని వెళ్తారు. ఒక్కడు ఓటేస్తే నూటికి నూరు శాతం!

సముద్రాలు దాటినా ఇదే ముచ్చట. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023 జనవరిలో అమెరికాలోని మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా భగవద్గీత మీద ప్రమాణం చేశారు. 2024లో తణుకు దగ్గరి వడ్లూరులో జనం గుళ్లో పూజలు చేశారు. ఎవరి గెలుపు కోసం? అమెరికాలో! ఉషా చిలుకూరి పూర్వికుల ఊరు అది. భర్త, అప్పటి ఉపాధ్యక్ష అభ్యర్థి జె.డి. వాన్స్ క్యాథలిక్, ఆమె హిందువు, వాషింగ్టన్ ఎన్నికకి గోదావరిలో కొబ్బరికాయ!

ఇక చివరిగా, చదివి వదిలెయ్యకుండా దాచుకోవాల్సినవి. గుడి, మసీదు, చర్చి ఆవరణని పార్టీ పనికి వాడుకుంటే 1988 చట్టం కింద ఐదేళ్ల వరకు జైలు, పదివేల వరకు జరిమానా. గుళ్లో పోలింగ్ కేంద్రం పెట్టకూడదని ఎన్నికల సంఘం నియమం. ఎన్నికల వేళ ఎవరైనా గీత దాటితే మీ ఫోన్‌లోని సి-విజిల్ యాప్‌లో ఫొటో పెట్టండి, 100 నిమిషాల్లో చర్య తీసుకుంటామన్నది ఎన్నికల సంఘం మాట.

అన్నిటికంటే పెద్దది ఇదిగో. మతం పేరు చెప్పి గెలిచాడని మీ దగ్గర రుజువుంటే హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వెయ్యడానికి ఓడిన అభ్యర్థే కానక్కర్లేదు. ఆ నియోజకవర్గంలో ఓటున్న ఎవరైనా వెయ్యొచ్చు, పెద్దాపురంలో కూరగాయలమ్మే అక్కయినా సరే! గడువు ఫలితం వచ్చాక 45 రోజులు. ఖర్చుల కింద కట్టాల్సిన డిపాజిట్ 2,000 రూపాయలు.